కొత్త ఫోర్ బై ఫోర్‌తో జులైలో మారేడుమిల్లి ఘాట్: భద్రాచలం మీదుగా వెళ్లొచ్చా?

నిజాంపేట_నాని
ఈమధ్యే థార్ రాక్స్ డీజిల్ ఫోర్ బై ఫోర్ ఆటోమేటిక్ తీసుకున్నాం. ఇప్పటిదాకా ఔటర్ రింగ్ రోడ్డు, ఆఫీసు, యాదగిరిగుట్ట తప్ప ఎక్కడికీ తిప్పలేదు. జులై చివర్లో సెలవులు కలిసొచ్చాయి. భద్రాచలంలో దర్శనం చేసుకుని, చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కి, రంపచోడవరం నుంచి రాజమండ్రి దిగి, విజయవాడ మీదుగా హైదరాబాద్ రావాలని ప్లాన్. బండిలో నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ.

ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మా బావమరిది "ఫోర్ బై ఫోర్ కొన్నదే ఇందుకు, ఘాట్ మొత్తం 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే మోడ్) పెట్టి లాగించెయ్ బావా" అంటాడు. అమ్మేమో "వానల్లో కొండలెందుకురా, సంక్రాంతి తర్వాత వెళ్దాం" అంటోంది. నాకు మాత్రం ఆ అడవిని వానలోనే చూడాలని ఎప్పటినుంచో కోరిక. ఎండాకాలంలో వెళ్తే సగం వాగులు ఎండిపోయి ఉంటాయి.

4హెచ్, 4ఎల్ (నాలుగు చక్రాలకూ శక్తి, బాగా తక్కువ గేరులో) ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు? ఆ రూట్‌లో జులైలో నిజంగా ఏముంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

డీజిల్_బాబాయ్
బండికి కంగ్రాట్స్. బావమరిది మాట వినకు.

ఉప్పల్_ఉష
అమ్మ మాట సగం విను. వెళ్లు, కానీ తేదీ రాతి మీద గీత అనుకోకు.

మల్కాజ్‌గిరి_మెకానిక్
4హెచ్ సంగతి చెప్తా. నీ బండిలో ఉన్నది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, అంటే అవసరమైనప్పుడు మాత్రమే వేసుకునేది. 4హెచ్ వేస్తే ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకే వేగంతో తిరిగేలా కట్టేసినట్టు అవుతుంది. రెండు ఇరుసుల వేగంలో తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు కాస్త ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. మట్టిలో, బురదలో అయితే ఏదో ఒక టైరు కొద్దిగా జారి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి తారు మీద టైరు జారదు. ఆ బిగుతంతా షాఫ్టులు, గేర్ల మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపుల్లో బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు మొరాయిస్తుంది, టైర్లు అరుగుతాయి. మారేడుమిల్లి ఘాట్ అంటే మలుపు మీద మలుపు. అందులో తారు రోడ్డు మీద మొత్తం 4హెచ్‌లో వెళ్లడమంటే కొత్త బండికి చేజేతులా కష్టం తెచ్చిపెట్టడమే.

ఘాట్ 2హెచ్‌లో, అంటే వెనక రెండు చక్రాలకే శక్తి వెళ్లే మోడ్‌లో ఎక్కు. రోడ్డు మీద ఎర్రమట్టి కొట్టుకొచ్చి బురద పేరుకున్న చోట, పని జరుగుతున్న మట్టి డైవర్షన్లలో 4హెచ్ వెయ్యి. అది దాటగానే తీసెయ్.

గచ్చిబౌలి_గరుడ
@మల్కాజ్‌గిరి_మెకానిక్ అన్నా, సగమే ఒప్పుకుంటా. జోరువానలో తారు మీద నీళ్లు పారుతుంటే, మలుపులు తక్కువగా ఉన్న చోట 4హెచ్‌తో బండి ఎంత నిలకడగా వెళ్తుందో నడిపినవాళ్లకు తెలుసు. చాలా బండ్ల మాన్యువల్‌లో తడి రోడ్డుకు వాడుకోవచ్చనే ఉంటుంది.

మల్కాజ్‌గిరి_మెకానిక్
తిన్నగా ఉన్న రోడ్డు మీద, తెరలు తెరలుగా కురుస్తుంటే వేసుకో, కాదనను. హెయిర్‌పిన్ మలుపుల్లో తడి తారు కూడా గట్టి తారే. నాని, నీ బండి మాన్యువల్ తీసి ఆ పేజీ ఒకసారి చదువు. ఏ వేగం లోపల 4హెచ్ మార్చాలో కూడా అందులోనే ఉంటుంది. 4ఎల్ వేయాలంటే బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి వేయాలి. ఈ రూట్‌లో 4ఎల్ అవసరం పడిందంటే నువ్వు రోడ్డు దిగావని అర్థం.

డీజిల్_బాబాయ్
ఇంకో సంగతి. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్తే బండి కదలడానికి, ఎక్కడానికి సాయం. ఆగడానికి ఏ సాయమూ లేదు. మామూలు కారుకూ నాలుగు బ్రేకులే, నీ బండికీ నాలుగు బ్రేకులే, పైగా నీది బరువెక్కువ. కొత్తగా ఫోర్ బై ఫోర్ కొన్నవాళ్లు వానలో వేగంగా వెళ్లేది ఈ తేడా తెలియకే.

నిజాంపేట_నాని
ఇది ఎవరూ చెప్పలేదు బాబాయ్. షోరూమ్‌లో కొండలు ఎక్కించే వీడియోలే చూపించారు. మరి దిగేటప్పుడు హిల్ డిసెంట్ కంట్రోల్ (దిగుడులో బండే వేగాన్ని అదుపు చేసే ఏర్పాటు) వాడాలా?

డీజిల్_బాబాయ్
అది నిట్టనిలువు మట్టిదారుల్లో అంగుళం అంగుళం దిగడానికి. తారు ఘాట్‌లో గేరు చాలు. ఆటోమేటిక్‌ని మాన్యువల్ మోడ్‌లోకి మార్చి రెండో గేరులోనో మూడో గేరులోనో పెట్టు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పాత లారీ డ్రైవర్ల లెక్క. డి లో వదిలేసి దారి పొడుగునా బ్రేకు మీద కాలు పెడితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. కాలిన వాసన వస్తే వెడల్పున్న చోట ఆపి చల్లారనివ్వు. వేడి డిస్కుల మీద నీళ్లు మాత్రం పొయ్యకు.

ఎదురుగా ఎక్కే బండి వస్తే దిగేవాడు ఆగి దారి ఇవ్వాలి. అది మర్యాద కాదు, రూలు.

శబరి_ఒడ్డు
మాది చింతూరు దగ్గర. ఇప్పుడు ఉద్యోగం కోసం ఎల్బీ నగర్‌లో ఉంటున్నా. అందరూ బండి గురించే మాట్లాడుతున్నారు, ఆ దారిని ఆపేది నీళ్లు. కాస్త పెద్దగా రాస్తా, ఓపికగా చదవండి.

జులై, ఆగస్టుల్లో మా వైపు రోడ్డు మూసేయడానికి మా దగ్గర వాన పడనక్కర్లేదు. ఎక్కడో మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో కురిస్తే ప్రాణహిత, ఇంద్రావతి నిండి గోదావరిలోకి వస్తాయి. భద్రాచలంలో గోదావరి ఎక్కితే, కూనవరం దగ్గర అందులో కలవాల్సిన శబరికి దారి దొరకదు. నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. అప్పుడు చింతూరు చుట్టూ వాగులన్నీ పొంగుతాయి, చట్టి దగ్గర జాతీయ రహదారి మీదికే నీళ్లు వస్తాయి. పైన ఎండ కాస్తూ ఉంటుంది, కింద రోడ్డు మునిగి ఉంటుంది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు ఇది నమ్మశక్యంగా ఉండదు. "వానే లేదు కదా, రోడ్డెందుకు మూశారు" అని పోలీసులతో వాదిస్తుంటారు.

అందుకే ఒక్క అంకె చూసుకోండి. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. ఆ 2022 వరదలో భద్రాచలం వంతెన మీద రాకపోకలే ఆపేశారు. మా ఊళ్లలో ఇళ్ల కప్పుల దాకా నీళ్లు. సామాన్లు పోయాక మనుషులు ఎలా ఉంటారో దగ్గరుండి చూశాం. దయచేసి వరద రోజుల్లో చూడ్డానికి మాత్రం ఎవరూ రావొద్దు.

నాని గారూ, మీరు బయలుదేరే ముందు నీటిమట్టం 43 దాటి ఉన్నా, దాటకపోయినా ఎగువన పెరుగుతోందని చెప్తున్నా, భద్రాచలం వైపు నుంచి రావొద్దు. నిలకడగా ఉంటేనో తగ్గుతుంటేనో హాయిగా రండి. వానలో ఆ అడవి మీరన్నట్టే ఉంటుంది.

ఉప్పల్_ఉష
@శబరి_ఒడ్డు ఇంత వివరంగా ఎవరూ చెప్పరు. థాంక్స్ అన్నా. ఆ అంకె ఎక్కడ చూడాలి?

శబరి_ఒడ్డు
కేంద్ర జలసంఘం వరద సమాచారం పెట్టే వెబ్‌సైట్‌లో ఉంటుంది. వరద రోజుల్లో టీవీ వార్తల్లోనూ గంట గంటకూ చెప్తారు. వాతావరణ శాఖ రంగుల హెచ్చరికలు కూడా చూడండి. మారేడుమిల్లి, చింతూరు ఉన్న పోలవరం జిల్లాకు (ఇదివరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉండేవి) ఆరెంజ్ ఉంటే ఒక రోజు ఆగండి, రెడ్ ఉంటే మానేయండి. తెలంగాణ హెచ్చరిక ఒక్కటే చూసి బయలుదేరకండి, ఘాట్ ఉన్నది ఆంధ్రాలో.

గచ్చిబౌలి_గరుడ
అన్నా, రాక్స్‌కి 650 మిల్లీమీటర్ల నీటి లోతు దాకా ఓకే అని కంపెనీ చెప్తుంది. అంటే రెండడుగుల పైనే. చట్టి దగ్గర మోకాలి లోతు నీళ్లుంటే ఫోర్ బై ఫోర్ దాటలేదా?

ఫిజిక్స్_మాస్టారు
@గచ్చిబౌలి_గరుడ బాబూ, ఆ 650 నిలవ నీటికి. గట్టి నేల మీద, నడక వేగంతో వెళ్తే. పారే నీటికి కాదు.

లెక్క వేసి చూపిస్తా. నీ బండి పొడవు దాదాపు 4.4 మీటర్లు, వెడల్పు దాదాపు 1.9. అడుగుభాగం ఎనిమిది చదరపు మీటర్లనుకో. బండి ఫ్లోర్ కన్నా పది సెంటీమీటర్ల పైకి నీళ్లు వచ్చాయి, లోపలికి ఇంకా చేరలేదు. అప్పుడు బండి తోసేసిన నీరు 0.8 ఘనమీటర్లు, అంటే 800 కిలోలు. అంత బరువును నీరు పైకి లేపుతుంది. ఇరవై సెంటీమీటర్లయితే 1,600 కిలోలు. రెండు టన్నుల బండి టైర్ల మీద మిగిలేది ఏపాటి? టైరు నేలను పట్టుకునేది బరువు వల్లే. ఆ బరువే పోయాక నాలుగు చక్రాలు తిరిగినా నలభై తిరిగినా ఒకటే, పక్క నుంచి తోసే ప్రవాహం బండిని తీసుకుపోతుంది. అడుగు లోతు పారే నీటికి చాలా కార్లు కొట్టుకుపోతాయి, రెండడుగులకు ఎస్‌యూవీలు కూడా.

పైగా కాజ్‌వే (వాగు మీది లోతట్టు వంతెన) మీద బురదనీళ్ల కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైనుంచి తెలియదు.

గచ్చిబౌలి_గరుడ
సరే మాస్టారూ, ఒప్పుకున్నా. స్కూల్లో ఆర్కిమెడిస్‌ని ఇలా చెప్పుంటే నాకు ఇంకో పది మార్కులు వచ్చేవి.

ఫిజిక్స్_మాస్టారు
పిల్లలున్న బండి కదా, మార్కులకన్నా అదే ముఖ్యం.

ఇన్సూరెన్స్_అక్క
నీళ్ల మాట వచ్చింది కాబట్టి. మామూలు ఫుల్ పాలసీ ఉన్నా, ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లి పాడైతే చాలాసార్లు క్లెయిమ్ రాదు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా యాడ్ ఆన్ ఉంటుంది. నీ పాలసీలో ఉందో లేదో చూసుకో. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. సిలిండర్‌లోకి చేరిన నీళ్లను పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కదిలించకుండా ఫొటోలు తీసి, టోయింగ్‌కి ఫోన్ చెయ్. మా క్లయింట్లలో సెల్ఫ్ కొట్టకుండా ఆగినవాళ్లకు ఖర్చు క్లీనింగ్, ఆయిల్ మార్పిడితో సరిపోయింది.

టైర్ల_రాజ్యం
ఒక్క మాట. వానలో పట్టు పెరుగుతుందని ఎవరో ఒకరు గాలి తగ్గించమంటారు. తగ్గించొద్దు. తారు మీద గాలి తక్కువైతే నీటి పొర మీద టైరు తేలడం ఇంకా తక్కువ వేగానికే మొదలవుతుంది. డోర్ పక్కన స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కి ఎంతని ఉంటే అంతే పట్టించు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. గాలి తగ్గించేది మెత్తటి బురదలోనో ఇసుకలోనో, తర్వాత మళ్లీ నింపుకునే పంపు దగ్గరుంటేనే. స్టెప్నీలో గాలి కూడా చూడు, అందరూ మర్చిపోయేది అదే.

బోడుప్పల్_బైరాగి
ఇవన్నీ వింటుంటే సంక్రాంతి తర్వాత వెళ్దామన్న అమ్మగారే కరెక్ట్ అనిపిస్తోంది.

శబరి_ఒడ్డు
అలా అనకండి. నవంబర్, డిసెంబర్‌లో బాగుంటుంది, నిజమే. కానీ చిగురు, మబ్బు, తడిసిన వెదురు, మూలమూలనా దూకే సన్నటి జలధారలు, ఇవి వానాకాలంలోనే. వర్షం మీద భయం పెట్టడానికి రాయలేదు నేను. ఏ రోజు రావాలో తెలుసుకుని రమ్మంటున్నా.

నల్లమల_నేస్తం
నాని, కొత్త బండి చేతికి ఇంకా అలవాటు కాలేదంటున్నావు. దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్ల టూర్‌లో నేర్చుకునే బదులు ముందు వికారాబాద్ అనంతగిరి ఒక ఆదివారం వెళ్లిరా. మూసీ పుట్టేది అక్కడే. చిన్న ఘాట్, తడి ఎర్రమట్టి దారులు, అన్నీ దొరుకుతాయి. 4హెచ్ వేయడం, తీయడం, గేరుతో దిగడం అక్కడ చేతికి వస్తుంది. ఆ తర్వాత శ్రీశైలం రోడ్డు. అక్కడ మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, టైగర్ రిజర్వ్ కాబట్టి. ఆ టైమ్‌కి తగ్గట్టు బయలుదేరాలి.

గచ్చిబౌలి_గరుడ
లేదంటే మారేడుమిల్లి మానేసి చిక్‌మగళూరు వెళ్లు. హోటళ్లు బోలెడు, రోడ్లు బాగుంటాయి.

ఉప్పల్_ఉష
@గచ్చిబౌలి_గరుడ ఆయన అడిగింది మారేడుమిల్లి. చిక్‌మగళూరు హైదరాబాద్ నుంచి ఏడు వందల కిలోమీటర్లు. ఆరేళ్ల పిల్లని, పెద్దావిడని కూర్చోబెట్టి రానూ పోనూ పద్నాలుగు వందలా? అక్కడి ఘాట్లలో మాత్రం వానాకాలం కొండచరియలు విరగవా?

గచ్చిబౌలి_గరుడ
పాప వయసు ఆయన చెప్పనే లేదు కదా ఉషా, ఆరేళ్లని నీకెలా తెలుసు?

ఉప్పల్_ఉష
ఇంకో చర్చలో చైల్డ్ సీట్ గురించి అడిగాడు, అక్కడ చూశా. నాని, ఆ సీటు కొన్నావా మరి?

నిజాంపేట_నాని
కొన్నా ఉషా, బిగించేశా కూడా. ఇక రూట్ సంగతి. హైదరాబాద్‌లో తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే అదే రోజు మారేడుమిల్లి చేరొచ్చా?

శబరి_ఒడ్డు
చేరొచ్చు, కానీ చేరకండి. సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం మీదుగా భద్రాచలం మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు. పిల్లలతో, టిఫిన్‌తో కలిపి పదకొండు అవుతుంది. దర్శనం చేసుకుని, రాత్రికి అక్కడే ఉండండి. మర్నాడు ఉదయం నీటిమట్టం చూసుకుని, ట్యాంక్ నిండా డీజిల్ కొట్టించి బయలుదేరితే పగటి వెలుగులో ఘాట్ అయిపోతుంది. చింతూరు దాటాక అడవిలో చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఇంట్లోవాళ్లకు ఫలానా టైమ్‌కి అవతల ఫోన్ చేస్తామని చెప్పండి. చీకటి పడ్డాక మాత్రం ఆ ఘాట్‌లోకి దిగొద్దు. జోరువానలప్పుడు అధికారులే రాత్రి రాకపోకలు ఆపుతుంటారు.

గోదావరి ఎక్కి ఉంటే ప్లాన్ తిరగేయండి. విజయవాడ మీదుగా రాజమండ్రి వచ్చి, రంపచోడవరం వైపు నుంచి మారేడుమిల్లి ఎక్కండి, అదే దారిన తిరిగి వెళ్లండి. చింతూరు వైపు దిగొద్దు. భద్రాద్రి రాముడి దర్శనం ఇంకోసారి చేసుకోవచ్చు.

నిజాంపేట_నాని
అమ్మకు దర్శనమే ముఖ్యం. అయితే గోదావరి ఎక్కి ఉంటే తేదీలే మార్చేస్తా.

డీజిల్_బాబాయ్
అదీ మాట.

రంపచోడవరం_అల్లుడు
జలపాతాల గురించి ఎవరూ చెప్పలేదు. అమృతధార, జలతరంగిణి రెండూ ఈ దారిలోనే. చూడండి, ఫొటోలు దిగండి, నీళ్లలోకి మాత్రం దిగకండి. 2024 సెప్టెంబర్‌లో జలతరంగిణి దగ్గర మెడిసిన్ విద్యార్థులు కొట్టుకుపోయారు, ముగ్గురు చనిపోయారు. కొండ మీద పడ్డ వాన కిందికి ఒక్కసారిగా వస్తుంది. మీరు నిల్చున్న చోట చినుకు కూడా ఉండదు. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబడినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, హోరు మారినా వెంటనే పైకి వచ్చేయాలి. మా అత్తగారి ఊళ్లో చిన్నపిల్లలకు కూడా ఇది తెలుసు.

గుడిస కొండ కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. అటవీ శాఖ అనుమతి ఉందో లేదో ముందు కనుక్కోండి. ఫోర్ బై ఫోర్ ఉంది కదా అని గడ్డి మీద టైర్లు తిప్పకండి. తడి నేల మీద ఒకసారి గాడి పడితే మట్టి అక్కడినుంచే కోసుకుపోతుంది.

బోడుప్పల్_బైరాగి
బొంగు చికెన్ తినకుండా వచ్చేస్తారా ఏంటి?

రంపచోడవరం_అల్లుడు
మారేడుమిల్లిలో రోడ్డు పక్కనే కాలుస్తారు. తాజా వెదురు బొంగులో, నూనె చుక్క లేకుండా. కాల్చడానికి టైమ్ పడుతుంది, ముందు ఆర్డర్ చెప్పి తర్వాత ఊరు చూసిరండి. కారం తక్కువ వేయమని పిల్లల కోసం ముందే చెప్పాలి.

నర్సు_నాగమణి
పెద్దావిడ, పిల్లలు ఉన్నారు కాబట్టి నా వంతు. వానాకాలం ఏజెన్సీలో మలేరియా ఎక్కువ. నిండు చేతుల బట్టలు, దోమల క్రీమ్, గదిలో దోమతెర. వచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టర్‌కి "ఏజెన్సీకి వెళ్లొచ్చాం" అని తప్పకుండా చెప్పాలి, అప్పుడే రక్తపరీక్ష తొందరగా చేయిస్తారు. ఘాట్‌లో వాంతులు రాకుండా పిల్లలకు తేలికపాటి టిఫిన్ పెట్టండి, ఖాళీ కడుపు కూడా మంచిది కాదు. ఫోన్ చూడనివ్వొద్దు. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. ఆమె బీపీ, షుగర్ మందులు రెండు రోజులకు అదనంగా పెట్టుకోండి, రోడ్డు మూసేస్తే అక్కడ మందుల షాపు దొరకదు.

మల్కాజ్‌గిరి_మెకానిక్
నేను చెప్పాల్సినవి ఇంకొన్ని ఉండిపోయాయి. అద్దం మీద ఆవిరి పడితే ఏసీ వేసి బయటి గాలి వచ్చేలా పెట్టు. లోపలి గాలే తిప్పుతుంటే ఐదుగురి ఊపిరితో ఇంకా మసకబారుతుంది. పొగమంచులో హై బీమ్ వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు, లో బీమ్, ఫాగ్ ల్యాంప్ చాలు. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వెలిగించొద్దు, నువ్వెటు తిరుగుతున్నావో వెనకవాడికి తెలియదు. హైవే మీద వానలో క్రూజ్ కంట్రోల్ వద్దు.

కొండచరియ సంగతి కూడా. పక్క గట్టు మీదనుంచి చిన్నచిన్న రాళ్లు దొర్లుతున్నా, రోడ్డు మీద కొత్తగా రాలిన మట్టి కనిపించినా, చెట్లు రోడ్డు వైపు వాలి ఉన్నా అక్కడ ఫొటో కోసం ఆగకు. దాటగలిగితే దాటెయ్, లేదంటే వెనక్కి వచ్చెయ్.

గచ్చిబౌలి_గరుడ
టో స్ట్రాప్ (ఇరుక్కున్న బండిని లాగే పట్టీ) కొనాలా అన్నా? ఆన్‌లైన్‌లో రకరకాలు ఉన్నాయి.

మల్కాజ్‌గిరి_మెకానిక్
కొనాలి. బండి బరువుకు రెండు మూడింతలు తట్టుకునేది, రెండు షాకిల్స్‌తో (పట్టీని హుక్‌కి బిగించే ఇనుప కొక్కేలు). కట్టేది బండికి ఇచ్చిన హుక్‌కి మాత్రమే. బంపర్‌కో సస్పెన్షన్‌కో కట్టి లాగితే అవి ఊడి వస్తాయి. లాగేటప్పుడు చుట్టూ ఎవరూ నిలబడకూడదు, తెగిన స్ట్రాప్ మనిషి ప్రాణం తీయగలదు.

నిజాంపేట_నాని
అందరికీ పేరుపేరునా థాంక్స్. ఈ చర్చ మొత్తం అమ్మకు చదివి వినిపించా. "ఆ శబరి అబ్బాయి రమ్మంటేనే వెళ్దాం" అంది. ఈ ఆదివారం అనంతగిరి, మిగతాది గోదావరిని బట్టి. భద్రాచలంలో గది కూడా క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే బుక్ చేశా. బావమరిది కూడా వస్తానంటున్నాడు, సీటు లేదని చెప్పా.

శబరి_ఒడ్డు
అమ్మగారికి నమస్కారాలు చెప్పండి. బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఇక్కడే రాయండి. మా తమ్ముడు చింతూరులోనే ఉంటాడు, వంతెన దగ్గర నీళ్లు ఎలా ఉన్నాయో చూడమని చెప్పి మీకు తెలియజేస్తా. నగదు కొంచెం ఎక్కువ పెట్టుకోండి, సిగ్నల్ లేని చోట ఫోన్‌తో డబ్బులు కట్టలేరు.